వచ్చే చిప్ వచ్చేదాకా

పెళ్ళయి అమెరికాలో నేపర్‌విల్ వచ్చిన కొత్తల్లో దెబోరాకి ప్రతిదీ ముద్దొచ్చేది. పని పూర్తవగానే డిష్‌వాషర్ పాడే చిన్న పాట ముద్దొచ్చేది. కిటికీ అద్దం మీద మంచు గీసే పిచ్చిగీతలు ముద్దొచ్చేవి. ఆశిష్ సాక్సుల్ని జతలు జతలుగా ఉండచుట్టి, సొరుగులో కోడిగుడ్లలా పేర్చుకోవడం మరీ ముద్దొచ్చేది. అంచేత ఒక శనివారం పొద్దున దోసె తింటూ అతను, "మనం ఇప్పుడు లాప్‌టాప్ కొనకూడదు డెబ్బీ. వచ్చే చిప్ వస్తోంది," అన్నప్పుడు ఆ మాట కూడా ముద్దుగానే వినిపించింది.

"వస్తే ఏమవుతుంది?" అంది.

అడక్కూడని ప్రశ్న అని ఆమెకి అప్పటికి తెలీదు. ఆశిష్ ప్లేటు ఇద్దరి మధ్యకి జరిపాడు. బంగాళాదుంప కూర ప్రాసెసర్ అయింది. కొబ్బరి చట్నీ గ్రాఫిక్స్ చిప్ అయింది.

"ఇన్నాళ్ళూ ఈ రెండూ దూరం దూరంగా ఉండేవి. దీన్నుంచి దాన్లోకి డేటా వెళ్ళి రావాలంటే బోలెడు టైము, బోలెడు వేడి. రాబోయేదాన్లో రెండూ ఒకే చోట, పక్కపక్కనే," అంటూ దోసె ముక్కతో కూరనీ చట్నీనీ కలిపి చూపించి, ఆ ప్రయోగాన్ని నోట్లో వేసుకున్నాడు.

పక్కపక్కనే అన్న మాట దెబోరాకి బాగా నచ్చింది. కుర్చీ ఇంకాస్త అతని పక్కకి లాక్కుంది. "మరి ఈ అల్లప్పచ్చడి?"

"అది ఏఐ కోసం పెట్టే ముక్క. దేనికి పనికొస్తుందో ఇంకా ఎవరికీ తెలీదు. కానీ అది లేకపోతే మాత్రం కొనకూడదు."

దెబోరాకి లాప్‌టాప్ అవసరం నిజంగానే ఉంది. విశాఖపట్నంలో ఆర్కిటెక్చర్ చదివింది. కాలేజీ రోజుల నాటి లాప్‌టాప్‌ని పెళ్ళిచీరల మధ్య చుట్టి తెచ్చుకుంది. దాన్లో బొమ్మ గీయడం మొదలుపెడితే ఫ్యాను గ్రైండర్‌లో పప్పు వేసినట్టు మోగేది, అడుగుభాగం పెనంలా కాలేది. చలికాలం కాబట్టి దెబోరా దాని మీద చేతులు కాచుకునేది. అదీ ఒక సుఖమే. కాకపోతే గోడ గీస్తే కిటికీ రాదు, కిటికీ పెడితే మొత్తం బిగుసుకుపోతుంది.

"నాకు ఏదో ఒకటి చాలు ఆశిష్. షాపులో ఉన్నదాన్లో మంచిది కొనేద్దాం."

"షాపులో ఉన్నదంటే పాతదనే అర్థం," అన్నాడతను జాలిగా.

ఆశిష్ ఒక్కడే కాదు, అతనితోపాటు ఎదురుచూసే జనం చాలామందే ఉన్నారు. వాళ్ళకో వాట్సాప్ గ్రూప్ ఉంది. ప్లేనో అనే ఊళ్ళో ఉండే మానవ్ దానికి అడ్మిన్. లాప్‌టాప్ కొనాలని ఎప్పట్నించో అనుకుంటూ, ఆ కారణంగానే ఇంతవరకూ కొనకుండా ఉన్న మగవాళ్ళంతా అందులో సభ్యులు. ఎక్కడో ఏదో ఫ్యాక్టరీలో ఎవరో చెయ్యి వణుకుతుండగా తీసిన అట్టపెట్టె ఫొటో ఒకటి వస్తే, దాని మీద రోజంతా చర్చ నడిచేది. పెట్టె మందాన్నిబట్టి లోపలి ఫ్యాను సైజు, ఫ్యాను సైజునిబట్టి చిప్ వేడి, వేడినిబట్టి వేగం లెక్క కట్టేవాళ్ళు. మొదట వేసవికి ముందన్నారు. తర్వాత స్కూళ్ళు తెరిచే వేళకన్నారు. ఒకసారి నిజంగానే ఒక కొత్త చిప్ విడుదలైంది కూడా. ఆ రోజు ఆశిష్ ఆఫీసుకి సెలవు పెడతాడేమో అనుకుంది దెబోరా. అతను మాత్రం నింపాదిగా టీ తాగుతూ, "ఇది ఫస్ట్ బ్యాచ్. తెలిసినవాడెవడూ ఫస్ట్ బ్యాచ్ కొనడు. సెకండ్ బ్యాచ్ వచ్చేలోపు ఎలాగూ దీని తర్వాతది వచ్చేస్తుంది," అన్నాడు.

ఆదివారం సంఘంలో పాస్టరుగారు క్రీస్తు మళ్ళీ వచ్చే రాకడ గురించి, మెలకువగా ఉండడం గురించి చెబుతుంటే భర్త అంత గట్టిగా తల ఆడించడం దేనికో దెబోరాకి అప్పుడు అర్థమైంది. నవ్వు ఆపుకోవడానికి పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

భార్య అవసరం అతను పట్టించుకోలేదని కాదు. దానికీ ఒక ఉపాయం కనిపెట్టాడు. పెద్ద షాపు నుంచి ఒక లాప్‌టాప్ తేవడం, వాపసు గడువు ముగిసేలోపు తిరిగి ఇచ్చేయడం, ఇంకోటి తేవడం. దీనికి 'బ్రిడ్జ్ లాప్‌టాప్' అని పేరు పెట్టాడు. వచ్చే చిప్ వచ్చేదాకా ఈ వంతెనల మీదే నడవాలన్నమాట. వంతెన మీద ఊరికే నడవడానికి లేదు, నియమాలున్నాయి. తెర మీది ప్లాస్టిక్ పొర తీయకూడదు. కింద మెత్తటి గుడ్డ పరచాలి. మన అకౌంట్లు పెట్టకూడదు, మన ఆనవాళ్ళు మిగలకూడదు. పెన్‌డ్రైవ్ పెడితే సందులో గీతలు పడతాయి కాబట్టి అదీ కూడదు. అట్టపెట్టె, దానిలోని థర్మోకోల్, చివరికి ఛార్జర్ తీగకి చుట్టిన బుల్లి ట్విస్టుతో సహా, మంచం కింద భద్రంగా ఉండాలి. వాపసు కౌంటర్‌లో ఉండే అమ్మాయి ఆశిష్‌ని పేరు పెట్టి పలకరించేది. కొత్త పెళ్ళాన్ని చూపించడానికి అతను దెబోరాని మొదట తీసుకెళ్ళిన నాలుగైదు చోట్లలో ఆ కౌంటర్ ఒకటి.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్ళ తెలుగు చర్చి సంఘం ఒక భవనం కొంది. అన్నేళ్ళుగా ఒక అమెరికన్ చర్చిలో, వాళ్ళ ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం పూట అద్దెకి పాడుకుంటున్నారు. ఇప్పుడు మూతబడ్డ తివాచీల దుకాణం ఒకటి సొంతమైంది. బిల్డింగ్ కమిటీకి పెద్ద సుందర్ రాజ్ గారు. గుండె డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ప్రతి విషయాన్నీ ఎక్స్‌రే చూసినట్టు కళ్ళు చికిలించి చూసేవారు.

"వందనాలు అంకుల్," అని పలకరించిన పాపానికి దెబోరాని పట్టుకున్నారు. "అమ్మాయ్, నువ్వు ఆర్కిటెక్టువట కదా. కాంట్రాక్టర్ ఒక ప్లాన్ ఇచ్చాడు. నువ్వూ ఒకటి గీసి చూపించు. మా కమిటీవాళ్ళకి కాగితం మీద గీతలు అర్థం కావమ్మా. త్రీడీలో ఉండాలి. లోపల తిరుగుతున్నట్టు కనపడాలి. కమిటీ కూర్చున్న రోజు ఏది బాగుంటే అది ఫైనల్ చేసేద్దాం."

ఆ రాత్రి దెబోరాకి సంతోషంతో అన్నం సయించలేదు. ఈ దేశంలో తన చేతి గీత మీద లేచే మొదటి గోడలు. పైగా కాంట్రాక్టర్ ప్లాన్ చూడగానే దాన్లో లోపమేమిటో ఆమెకి తెలిసిపోయింది. అతను వంటగదిని వెనక మూలకి తోసి, హాల్లోకి ఒక సన్నటి నడవ పెట్టాడు. ఆరాధన అవగానే కాఫీ కప్పుతో కార్లెక్కి వెళ్ళిపోయే జనానికి అది సరిపోతుంది. తెలుగు సంఘంలో ఆరాధన తర్వాతే అసలు జనం కదులుతారు. ప్రేమవిందు ఉంటుంది. బిర్యానీ ట్రేలు, పప్పుచారు గిన్నెలు, పెరుగన్నం, మారు వడ్డించుకోవడానికి వెనక్కి వచ్చేవాళ్ళు, మిగిలింది డబ్బాల్లో సర్దుకునేవాళ్ళు. ఇదంతా ఆ నడవలో ఇరుక్కుంటుంది. దెబోరా వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీసేసి, పొడవాటి వడ్డన గట్టు పెట్టింది. రెండు వైపులా రెండు వరసలు, ప్లేటు పట్టుకుని బయటికి నడవడానికి వేరే దారి.

కృపావతి ఆంటీ కొలత టేపు రెండో కొస పట్టుకోగా దెబోరా దుకాణమంతా తనే కొలిచింది. ఆవిడ సుందర్ రాజ్ గారి భార్య, వంట జట్టుకి నాయకురాలు.

అప్పటికి ఇంట్లో ఉన్న బ్రిడ్జ్ లాప్‌టాప్ బంగారం లాంటిది. గోడలు గీస్తే గోడలొచ్చాయి. కిటికీ పెడితే ఎండ లోపలికొచ్చి నేల మీద పడింది. మధ్యాహ్నం అన్నంలో ఆవకాయ కలుపుకుంటూ, ఎడంచేత్తో తెర మీది హాల్లో తిరుగుతూ, దెబోరా పాటలు పాడుకునేది. ఒకసారి ఆవకాయ నూనె చుక్క ఒకటి మూత మడతలో పడింది. ఎంత తుడిచినా పోలేదు. ఆశిష్‌కి చెప్పలేదు. కాపురంలో మొదటి రహస్యం, అది కూడా ఆమెకి సరదాగానే ఉంది.

కమిటీ ముందు చూపించే ఆదివారానికి ముందు రోజు పొద్దున్నే ఆమె కృపావతి ఆంటీతో పాటల ప్రాక్టీసుకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆశిష్ ఈలవేస్తూ గిన్నెలు సర్దుతున్నాడు. బల్ల మీద మెత్తటి గుడ్డ ఒక్కటే ఉంది.

"లాప్‌టాప్ ఏది?"

"రిటర్న్ చేసేశా. ఇవాళే లాస్ట్ డేట్. మానవ్ మెసేజ్ పెట్టాడు డెబ్బీ, రేపు అనౌన్స్‌మెంట్ అంట! గ్రాఫిక్స్ డబుల్ అంట!"

"అందులో నా హాలు ఉంది."

"ఏ హాలు?"

"చర్చి హాలు, ఆశిష్!"

అతని చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "మొత్తం... రీసెట్ కొట్టేశానే," అన్నాడు నెమ్మదిగా. తిన్న ప్లేటు కడిగినట్టు, లోపలేముందో చూడకుండా తుడిచి ఇవ్వడం అతనికి అలవాటైపోయింది.

షాపుకి పరుగెత్తారు. కౌంటర్ అమ్మాయి, "హాయ్ ఆశిష్," అంది ఆప్యాయంగా. తుడిచేసింది తుడిచేసినట్టే, ఎవరూ తిరిగి తేలేరంది. సారీ కూడా చెప్పింది.

కారులో వాళ్ళ కాపురంలో మొదటి దెబ్బలాట జరిగింది.

"నువ్వు అకౌంట్‌లో సేవ్ చేసుకుని ఉంటావనుకున్నా."

"అకౌంట్ పెట్టొద్దన్నది ఎవరు?"

"పోనీ పెన్‌డ్రైవ్‌లో..."

"సందులో గీతలు పడతాయన్నది ఎవరు?"

ఆశిష్ సిగ్నల్ దగ్గర ఆగాడు. దీపం పచ్చబడ్డాక కూడా ఆగే ఉన్నాడు. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"ఆ ప్లాస్టిక్ పొరలోంచి చూస్తూనే ఇన్నాళ్ళూ పని చేశాను," అంది దెబోరా. "ఎప్పుడో రాబోయే దానికోసం చేతిలో ఉన్నదాన్ని ముట్టుకోనివ్వవు. నన్ను కూడా అలాగే తెచ్చుకున్నావా? పొర తీయకుండా?"

అన్నాక ఆమెకే భయమేసింది. అతను చెయ్యి చాచి, ఆమె సీటు వేడి ఇంకాస్త పెంచాడు. అంత కోపంలోనూ ఆ వేడి హాయిగా ఉండడం దెబోరాకి మహా చిరాకనిపించింది.

ఇంటికొచ్చి పాత లాప్‌టాప్ తెరిచింది. ఫ్యాను మోగింది. ఒక గోడ వచ్చింది. రెండోది సగం వచ్చి ఆగిపోయింది. దాని వంక చూస్తూ కూర్చుంటే, కాలేజీలో మొదటి ఏడాది సంగతి గుర్తొచ్చింది. అప్పుడు ఎవరి దగ్గరా లాప్‌టాప్‌లుండేవి కావు. గది ఎంత ఉంటుందో తెలియాలంటే, మైదానంలో సుద్దతో అసలు కొలతకి గీసి, అందులో నిలబడి చూడమనేవారు. కొలతలు ఇంకా ఆమె తలలోనే ఉన్నాయి. తలకి రీసెట్ ఎవరూ కొట్టలేదు.

"ఆశిష్, గోడలకి రంగులేసేటప్పుడు అంచులకి అంటిస్తారే, ఆ టేపు. ఎక్కడ దొరుకుతుంది?"

అతను అప్పటికే బూట్లు వేసుకుంటున్నాడు. "ఏ కలర్?"

ఆదివారం తెల్లవారగానే ఇద్దరూ తివాచీల దుకాణంలో ఉన్నారు. దెబోరా కొలత చెబుతుంది, ఆశిష్ మోకాళ్ళ మీద పాకుతూ అంటిస్తాడు. కాంట్రాక్టర్ ప్లాన్ పసుపు టేపుతో, ఆమె ప్లాన్ నీలం టేపుతో. పెళ్ళికి కుట్టించిన నల్ల ప్యాంటు మోకాళ్ళ దగ్గర తెల్లబడిపోయింది. ఒకచోట టేపు వంకర పోతే, అడక్కుండానే పీకి మళ్ళీ వేశాడు. దెబోరాకి కోపం ఉంచుకోవాలనే ఉంది గాని, టేపు చుట్ట నుంచి ఊడి వచ్చేటప్పుడు వచ్చే ఆ చప్పుడు ఎంత బాగుందంటే, కోపం దాని వెంటే కొంచెం కొంచెంగా ఊడిపోయింది.

కృపావతి ఆంటీకి ఫోన్ చేసి సంగతి చెప్పింది. "ట్రేలు నేను చెప్పినచోట పెట్టిస్తారా ఆంటీ?"

"పెట్టిస్తానే తల్లీ. కాంట్రాక్టర్ నాకు చూపించింది వంటగదా, అల్మారానా!"

ఆరాధన ముగించుకుని సంఘమంతా కార్లలో దుకాణానికి వచ్చింది. తెల్లగోడ మీద కాంట్రాక్టర్ వీడియో వేశారు. అద్భుతంగా ఉంది. గాజు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి, మొక్కలు ఊగాయి. సన్నగా పొడుగ్గా ఉన్న మనుషులు నేలకి తగలకుండా తేలుతూ నడిచారు. ఒక్కరి చేతిలోనూ ప్లేటు లేదు.

"గ్రాఫిక్స్ అదిరిపోయాయయ్యా," అన్నారు సుందర్ రాజ్ గారు. "సరే దెబోరా, నీది వెయ్యమ్మా."

"నాది వేసేశానంకుల్. మీ కాళ్ళ కింద ఉంది." ఆశిష్ పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆమె జనం వైపు తిరిగింది. "ముందు భోంచేద్దాం. పసుపు గీతలు కాంట్రాక్టర్‌గారి గోడలు. దయచేసి గోడల్లోంచి నడవకండి."

బిర్యానీ పసుపు వంటగదిలో ఉంది. జనం పసుపు నడవలోకి దిగారు. వడ్డించుకుని వెనక్కి వచ్చేవాళ్ళు, వడ్డించుకోవడానికి ముందుకెళ్ళేవాళ్ళు మధ్యలో మొహాలు మొహాలు చూసుకుని ఆగిపోయారు. చంటిపిల్ల బండి ఒకటి అడ్డం పడింది. పప్పుచారు గిన్నె పట్టుకున్న ఒకాయన అటూ వెళ్ళలేక ఇటూ రాలేక చేతులు పైకెత్తి నిలబడ్డాడు. ఆకలి మీదున్న సుందర్ రాజ్ గారు ఓపిక పట్టలేక ఒక పసుపు గీతని అలవోకగా దాటేశారు.

"ఏమయ్యా!" అంది కృపావతి ఆంటీ, గరిటె ఎత్తి. "గోడలోంచి వచ్చావేంటి? దయ్యానివా? తలుపు అటుంది, వెళ్ళి తిరిగి రా!"

హాలంతా ఘొల్లుమంది. గుండె డాక్టరుగారు బుద్ధిగా వెనక్కి వెళ్ళి వరస చివర నిలబడ్డారు. ఆయన వంతు వచ్చేసరికి పెరుగన్నమే మిగిలింది.

"ఇప్పుడు నీలం గీతలు," అంది దెబోరా.

ఇంకా మూత తీయని ట్రేలు నీలం గట్టు గీసినచోట బల్లల మీద పెట్టారు. వరస రెండుగా చీలింది. ప్లేటు నింపుకున్నవాళ్ళు ఎడం పక్కనుంచి సాఫీగా హాల్లోకి జారుకున్నారు. మారు వడ్డించుకోవడానికి వచ్చినవాళ్ళు ఎవరినీ తోయలేదు. నిజం చెప్పాలంటే, ఇంత తేలిగ్గా దొరుకుతుంటే కొంతమంది మూడోసారి కూడా వచ్చారు. సుందర్ రాజ్ గారు ఆఖరికి చికెన్ ముక్క సంపాదించి, అది నములుతూ గీతల్ని ఎక్స్‌రే చూసినట్టు చూశారు. కమిటీవాళ్ళతో ఏదో గుసగుసలాడారు. తర్వాత నీలం గోడ పక్కనుంచి చుట్టూ తిరిగి, తలుపు దగ్గర కొంచెం వంగి, దెబోరా దగ్గరికొచ్చారు.

"అమ్మాయ్, నీలం ప్లానే ఖాయం. బ్లాకేజీ ఎక్కడుందో నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! చిన్న మోడల్ ఒకటి చేసి పెట్టమ్మా, అట్టతోనో దేనితోనో. టేపు మాత్రం తీయకండి." ఆశిష్ వైపు తిరిగారు. "ఒరే బాబూ, కాలు తియ్. గోడ తొక్కుతున్నావు."

దెబోరాకి గాల్లో తేలినట్టుంది. వీడియోలో మనుషుల్లా తేలుతూనే వెళ్ళి మారు వడ్డించుకుంది.

కార్లోకి వెళ్ళాక ఆశిష్ ఫోన్ చూశాడు. గ్రూప్‌లో మెసేజీలు కుప్పలుగా పడున్నాయి.

"అనౌన్స్ చేశారా?" అంది దెబోరా. అడగాల్సింది అడగడమే మర్యాద.

"చేశారు. డిసెంబర్‌కి పోస్ట్‌పోన్ అయిందని అనౌన్స్ చేశారు." ఇంకో మెసేజ్ చదివాడు. "మానవ్ ఏమంటున్నాడంటే, డిసెంబర్ అంటే ఎలాగూ దాని తర్వాతది దగ్గరకొచ్చేస్తుంది కాబట్టి..." మాట మధ్యలోనే ఫోన్ బోర్లించి పెట్టేశాడు. కారు ఇంటివైపు తిప్పకుండా షాపువైపు తిప్పాడు.

కౌంటర్ అమ్మాయి అతన్ని చూసి అలవాటుగా వాపసు కాగితం తీయబోయింది. "నో నో, కొంటాను," అన్నాడు ఆశిష్. ఆమెకి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

వాపసు వచ్చినవాటిని తక్కువ ధరకి పెట్టే అరలో దెబోరాకి ఒక మూత కనబడింది. మడత దగ్గర వేలు పెట్టి చూసింది. ఎర్రటి నూనె చుక్క, ఎక్కడిదక్కడే ఉంది.

"ఇదే," అంది. ఊరునుంచి చుట్టమొచ్చినంత సంబరపడిపోయింది.

"ఇది మనం వాడిందే కదా!" అని వంగి చూశాడు ఆశిష్. "ఈ మరకేంటి? నేను మొత్తం తుడిచానే!"

"ఏమో బాబూ, నాకేం తెలుసు," అంది దెబోరా.

ఇంటికొచ్చాక అతను లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టాడు. మెత్తటి గుడ్డ వేయలేదు. ప్లాస్టిక్ పొర చివర గోటితో లేపి, ఆ కొస ఆమె చేతికిచ్చాడు. "నువ్వు తియ్. నేనింకో మూల పట్టుకుంటా." ఇద్దరూ కలిసి లాగారు. పొర సర్రుమంటూ ఒక్క ముక్కగా వచ్చేసింది. దెబోరా దాన్ని వేలికి చుట్టుకుని, మళ్ళీ ఇలాంటిది ఇంకేదైనా ఉందా అని ఇల్లంతా వెతికింది. మైక్రోవేవ్ తలుపు మీద ఒకటి దొరికింది. అతను ఆ అపార్ట్‌మెంట్‌లోకి వచ్చినప్పట్నించీ ఉందట.

తర్వాత ఆమె నేల మీద కూర్చుని, మంచం కిందకి పోబోతున్న అట్టపెట్టెని కాలితో ఆపింది. దళసరి అట్ట. మోడల్ గోడలకి సరిగ్గా సరిపోతుంది. కత్తి తీసింది.

"డెబ్బీ, ఒక్క నిమిషం," అన్నాడు ఆశిష్. "పెట్టె కోసేస్తే ఇంక రిటర్న్ తీసుకోరు."

"తెలుసు. ఈ కొస గట్టిగా పట్టుకో."

అతను కళ్ళు మూసుకుని పట్టుకున్నాడు. ఆమె వడ్డన గట్టు దగ్గర్నుంచి కోయడం మొదలుపెట్టింది.